సైప్రస్ మలుపులో పసుపు జెండా

కాలిబాటలో నీ పేరు వేయిస్తాం రమ్మని పిలిస్తే రానన్న మనిషిని మా పోర్ట్ సెలీనా ఊరు చూడటం అదే మొదలు.

మా ఊళ్ళో ఏటా ఏప్రిల్‌లో మూడు రోజుల పాటు వీధుల్లోనే కార్ల రేసు జరుగుతుంది. రేసుకు ముందు వచ్చే గురువారం నాడు, సముద్రానికి ఎదురుగా ఉన్న కాలిబాటలో, ఆ ఏడాది ఎన్నుకున్న రేసర్ల పేర్లతో కంచు పలకలు పొదుగుతారు. పలక మీద మనిషి పేరు, అతను నడిపిన కారు బొమ్మ, గెలిచిన రేసులు ఉంటాయి. ఇప్పటికి నలభై ఆరు పలకలయ్యాయి. జనం వాటి మీదుగానే నడుస్తారు. పిల్లలు వాటి మీదే ఐస్‌క్రీం కారుస్తారు. అయినా సరే, ఎంతటి మొండి రేసరైనా ఆ రోజు మోకాళ్ళ మీద వంగి తన పేరును ఒకసారి తడుముకుని కళ్ళు తుడుచుకుంటాడు. పదేళ్ళుగా ఆ కమిటీలో ఉన్నాను కాబట్టి ఇదంతా దగ్గరుండి చూస్తున్నదాన్నే.

నా పేరు ఒడెట్ సిల్వేరా. ఊరి లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న చేపల పడవ మీద పనిచేసేవాడు. కమిటీలో నన్ను వేసుకున్నది రేసుల గురించి తెలుసని కాదు, ఉత్తరాలు తప్పుల్లేకుండా రాస్తానని.

ఈ ఏడు రెండు పేర్లు ఖాయమయ్యాయి. ఒకరు రాయిస్ హాల్డెమన్, సముద్రానికి దూరంగా కొండల దగ్గర నిమ్మతోటలున్న ఆసామి, డెబ్భై తొమ్మిదేళ్ళు. రెండోవారు నెల్లో ఫెరాంటే, మా రేవులోనే పుట్టి పెరిగిన ఇటలీ జాలరి కొడుకు, ఆయనకంటే రెండేళ్ళు చిన్న. ఇద్దరూ తమ కాలంలో దేశమంతా తిరిగి గెలిచినవాళ్ళే. ఇద్దరూ నలభై మూడేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళే.

కమిటీ పెద్ద డగ్లస్ ఈ సంగతి చెప్పడానికి మా అందరి ముందే నెల్లోకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"నెల్లో గారూ, మీకో శుభవార్త!"

"ఈ వయసులో శుభవార్తంటే డాక్టరు చెప్పాలి. నువ్వు డాక్టరువా?"

"కాదండీ, కాలిబాట కమిటీ. ఈ ఏడు మీ పేరు వేస్తున్నాం."

 అవతల గొంతు మెత్తబడింది. "నిజంగానా? కార్మెలా! ఇలా రా, వీళ్ళేదో అంటున్నారు, నువ్వు కూడా విను." మళ్ళీ మాకు వినపడేలా, "నాతోపాటు ఇంకెవరు?"

"రాయిస్ హాల్డెమన్ గారు. మీ రెండు పలకలూ పక్కపక్కనే."

"ఆ నిమ్మకాయల వాడి పక్కనా! నేను బతికుండగా కుదరదు. పోయాక కూడా కుదరదు, రాసిపెట్టుకో."

డగ్లస్ బతిమాలాడు. ఊరి పరువన్నాడు, మేయరు వస్తాడన్నాడు, బ్యాండు మేళం ఉంటుందన్నాడు. చివరికి నెల్లో గట్టిగా ఊపిరి వదిలి, "సరే, ఒక్క షరతు. నా పలక మీద పేరు కింద రెండు మాటలు చెక్కించండి. 'జెండా ఉంది.' అంతే. అప్పుడు వాడి పక్కనేంటి, వాడి ఒళ్ళో పడుకోమన్నా పడుకుంటా," అని ఫోన్ పెట్టేశాడు.

గదిలో నవ్వని వాళ్ళు లేరు, నేను తప్ప.

వాళ్ళ నవ్వుకు కారణం మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. నలభై మూడేళ్ళ కిందట ఏప్రిల్ రేసులో, ఇంకో రెండు చుట్లే మిగిలి ఉండగా, సైప్రస్ మలుపులో మొదట పోతున్న నెల్లో ఉన్నట్టుండి వేగం తగ్గించాడు. వెనకే అంటుకుని వస్తున్న రాయిస్ వచ్చి గుద్దేశాడు. రెండు కార్లూ టైర్ల గోడలో దూరిపోయాయి. రాయిస్ చీలమండ విరిగింది. వెనకెక్కడో ఉన్న మూడోవాడు పాడుకుంటూ వచ్చి గెలిచాడు. ముందు ప్రమాదముంది, నెమ్మదించమని ఊపే పసుపు జెండా చూశాను, అందుకే తగ్గించానన్నాడు నెల్లో. జెండా లేదు, గిండా లేదు, నన్ను పడగొట్టడానికే బ్రేకు వేశాడన్నాడు రాయిస్. విచారణలో జెండా లేదనే తేలింది. ప్రమాదం తెచ్చినందుకూ పైగా అబద్ధమాడినందుకూ నెల్లోను ఆ ఏడాదంతా రేసుల్లోంచి తీసేశారు.

తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు, ఎన్నో గెలిచాడు. కానీ ఊరు ఆ జెండాను వదల్లేదు. ప్రతి పుట్టినరోజుకూ ఎవడో ఒకడు పసుపు చేతిరుమాలు కానుక ఇచ్చేవాడు. క్షౌరశాలలో ఆయనకు ప్రత్యేకంగా పసుపు గుడ్డ కప్పేవాళ్ళు. ఎవరైనా నమ్మలేని మాట చెబితే మా ఊళ్ళో "నెల్లో జెండా" అంటారు. బడి పిల్లలు కూడా అంటారు, నెల్లో ఎవరో తెలీకుండానే.

నేనెందుకు నవ్వలేదంటే, ఆ జెండా పట్టుకున్నది నేనే.

అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసి, జెండాల కట్ట చేతికిచ్చి సైప్రస్ మలుపులో నిలబెట్టారు. ఆ మలుపుకు ఒక పక్క గోదాము గోడ, ఇంకో పక్క టైర్ల గోడ. జనం కూర్చునే చోటు కాదు. నా పైన ఒక అధికారి ఉన్నాడు గానీ ఆ నిమిషంలో ఆయన వెనక్కి తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన చెప్పందే జెండా ఎత్తకూడదు, ఆయన చెప్పందే దించకూడదు. అది నియమం.

సరిగ్గా అప్పుడు రోడ్డు మధ్యలో ఒక గూడబాతు దిగింది. రేవు నుంచి వచ్చిందేమో, బుట్టంత మూతి వేసుకుని తన సొంత పెరట్లో నడిచినట్టు నడుస్తోంది. కార్ల మోత వినబడుతోంది.  పసుపు జెండా లాగి ఊపేశాను. ఊపానో లేదో అది రెక్కలు విప్పి గోదాము మీదుగా వెళ్ళిపోయింది. అయ్యో, అడక్కుండా ఎత్తేశానే అని గభాలున దించి వీపు వెనక దాచేశాను. ఎత్తడం, దించడం కలిపి రెండు సెకన్లు ఉంటుంది. ముందున్న నెల్లో చూశాడు. వెనకున్న రాయిస్ చూసేసరికి జెండా లేదు.

విచారణలో ముగ్గురు పెద్దమనుషులు బల్లకు అవతల కూర్చుని అడిగారు. "జెండా చూపావా అమ్మాయ్?" ఆస్పత్రిలో ఒక మనిషి, బయట నుజ్జయిన రెండు కార్లు.  "లేదు," అన్నాను. ఆ ఒక్క మాటే. దాని కింద సంతకం కూడా పెట్టాను. జెండా పట్టిన పిల్ల పేరు ఆ గది దాటి బయటికి రాలేదు.

మర్నాడు చెబుదామనుకున్నాను. తర్వాతి వారం అనుకున్నాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, లైబ్రరీ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాట చెప్పడం తేలికవుతుందనుకున్నాను గానీ, అది ఇంకా బరువెక్కింది.

నవ్వులు ఆగాక డగ్లస్ నా వైపు తిరిగాడు. "ఒడెట్, నువ్వే వెళ్ళి ఆయన్ని ఒప్పించాలి. మీ నాన్నా వాళ్ళ నాన్నా ఒకే పడవలో పనిచేశారంటగా."

"ఒప్పిస్తాను," అన్నాను. 

తిన్నగా నెల్లో ఇంటికి వెళ్ళాల్సింది. ధైర్యం చాలక ముందు రాయిస్ తోటకు వెళ్ళాను. ఆయన నిమ్మచెట్ల మధ్య కుర్చీ వేసుకుని, కుంటికాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని, కోతకొచ్చిన పనివాళ్ళ మీద కేకలేస్తున్నాడు. నన్ను చూసి చేత్తో రమ్మన్నాడు.

"ఏమంటున్నాడు మీ జెండా వీరుడు? రానన్నాడట కదా. రాకపోతే మంచిదే, ఆ కాలిబాటంతా నేనే వాడుకుంటా."

"రాయిస్ గారూ, మీకో సంగతి చెప్పాలి. ముందు కేకలాపి వినండి."

చెప్పాను. గూడబాతు దగ్గర్నుంచి సంతకం దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. టోపీ తీసి తల గోక్కున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గూడబాతా?" అన్నాడు చివరికి.

"అవును."

"కొంగ కాదు కదా?"

"కాదండీ. గూడబాతే."

ఆయన పనివాళ్ళని దూరంగా వెళ్ళమని చెయ్యి ఊపాడు. "ఒడెట్, నీకో మాట చెప్పనా? ఇది నేను మా ఆవిడకి కూడా చెప్పలేదు, పాపం పోయింది కూడా. ఆ రోజు నా కంటి చివర పసుపుగా ఏదో కదిలింది. ఎవరిదో గొడుగనుకున్నా. ఆస్పత్రిలో పడుకుని పైకప్పు చూస్తూ ఉంటే, గొడుగు కాదేమో అనిపించింది. ఆ మలుపులో గొడుగు పట్టుకుని ఎవరుంటారు? అంతలో విచారణవాళ్ళొచ్చి, ఆ పిల్ల జెండా లేదని రాసిచ్చింది అన్నారు. హమ్మయ్య అనుకున్నా."

"హమ్మయ్యా?"

"మరి? వాడిది తప్పయితే నాది కానట్టేగా. నలభై మూడేళ్ళు వాణ్ణి హాయిగా తిట్టుకున్నా. నువ్వొచ్చి చెడగొట్టావు." కర్ర అందుకుని లేచాడు. "పద."

"ఎక్కడికి?"

"వాడింటికి. నువ్వొక్కదానివే వెళితే నీ మెడ విరిచేస్తాడు. నేనుంటే ముందు నా మెడ విరుస్తాడు, ఆ లోపు నువ్వు పారిపోవచ్చు."

కారు తానే నడుపుతానన్నాడు. ఎంతటి రేసరో కదా అని ఎక్కాను. పెద్ద రోడ్డు మీద ఎడ్లబండిలా నడిపాడు. లారీలు హారన్లు కొడుతుంటే అద్దం దించి, "పోరా, పోయి ముందు చావు!" అని అరిచేవాడు. అరగంట దారి గంటన్నర పట్టింది.

నెల్లో ఇల్లు రేవుకు రెండు వీధుల వెనక ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కావడంతో చేపల పులుసు వాసన వీధి చివరిదాకా వస్తోంది. తలుపు తీసిన కార్మెలా నన్ను చూసి నవ్వబోయి, నా వెనక రాయిస్‌ను చూసి నోరు తెరిచేసింది.

"నెల్లో!" అని లోపలికి అరిచింది. "చేతిలో కత్తి ఉంటే కింద పెట్టి రా!"

నెల్లో భుజాన ఒక పసుపు రుమాలు వేసుకుని వచ్చాడు. ఆ ఇంట్లో వంటగుడ్డలన్నీ ఆ కానుకల రుమాళ్ళే. గుమ్మంలో నిలబడిన రాయిస్‌ను చూసి ఆగిపోయాడు.

"నీకేం పని ఇక్కడ?"

"నాకేం లేదు. ఈవిడకుంది. నేను డ్రైవర్ని."

మమ్మల్ని కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. రెండోసారి చెప్పడం తేలిగ్గా ఉంటుందనుకున్నాను, అదీ కాదు.  మొత్తం చెప్పేదాకా నెల్లో కదల్లేదు. కార్మెలా గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ చెప్పు," అన్నాడు నెల్లో.

"ఏది?"

"జెండా సంగతి. కార్మెలా వైపు తిరిగి చెప్పు."

తిరిగి చెప్పాను. "జెండా ఉంది కార్మెలా గారూ. నేనే ఊపాను."

కార్మెలా అక్కడున్న కుర్చీలో కూలబడింది. "నలభై మూడేళ్ళు. పెళ్ళాన్నయ్యుండి నేను కూడా నమ్మలేదు," అంది. నెల్లో ఆమెకేసి తిరిగాడు. "నమ్ముతున్నాను, నమ్ముతున్నాను అనేదానివిగా!" "అనకపోతే నువ్వు తిండి తినేవాడివి కాదు, అందుకని అన్నా!" అంది ఆమె. అంతే, ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆమె కళ్ళలోంచి నీళ్ళొచ్చేశాయి.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరితరమూ కాలేదు. ఫోన్ తీసి వాళ్ళ తమ్ముడికి చేసి నా చేతికిచ్చాడు, "చెప్పు." క్షౌరశాల ముసలాయనకు చేశాడు, "చెప్పు." పక్కింటివాళ్ళని గోడ మీదుగా పిలిచాడు. ఎప్పుడో ఆయన కారు బాగుచేసిన మెకానిక్ ఇప్పుడు ఆరిజోనాలో ఉంటున్నాడట, అతనికీ చేశాడు. ఒక్క కుర్చీలో కూర్చుని పదకొండుసార్లు చెప్పాను. రాయిస్ ఈలోగా ఎవరూ పిలవకుండానే బల్ల దగ్గర కూర్చుని రెండు గిన్నెల పులుసు తాగి, రొట్టెతో గిన్నె తుడుచుకుని తిన్నాడు.

ఇంటికి వస్తూ అనుకున్నాను, ఇంత తేలిగ్గా పోయేదానికా ఇన్నాళ్ళు భయపడ్డాను అని.

అది తేలిగ్గా పోలేదు. మర్నాడు పొద్దున్నే ఎనిమిది గంటలకు తలుపు చప్పుడైంది. తీస్తే నెల్లో ఒక్కడే నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకుని, మంచి కోటు వేసుకుని, చర్చికి వెళ్ళేవాడిలా వచ్చాడు.

"నిన్న నాకు ఒళ్ళు తెలీలేదు," అన్నాడు. "చిన్నపిల్లాడిలా గంతులేశాను. పొద్దున లేచాక కోపం వచ్చింది. ఆ కోపం నీ మీద చూపించాలని వచ్చాను."

"చూపించండి," అన్నాను.

లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను.  ఎదురింటావిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ మా ఇద్దర్నీ వింతగా చూసింది.

"ఆ ఏడాది మే నెలలో ఇటలీ నుంచి నాకో ఉత్తరం వచ్చింది," అన్నాడు చివరికి. "అక్కడ పెద్ద జట్టు ఒకటి నన్ను పిలిచింది. వచ్చి కారు నడిపి చూపించమన్నారు. మా నాన్న ఆ ఉత్తరం రేవులో అందరికీ చూపించాడు. జూన్‌లో ఇంకో ఉత్తరం వచ్చింది. అబద్ధాలకోరు మాకొద్దని మర్యాదగా రాశారు. మా నాన్న అది కూడా చదివాడు. నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది. ఆరేళ్ళ తర్వాత పోయాడు, ఎప్పుడూ అడగలేదు."

 క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అది చాలా చిన్న మాటగా కనిపించింది.

"నువ్వు రోజూ కనిపించేదానివి," అన్నాడు. "లైబ్రరీలో నా పిల్లలకి పుస్తకాలిచ్చేదానివి. అప్పుడు కూడా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించేది. మీరు తలుపు తోసుకుని లోపలికి వస్తే నేను అరల వెనక్కి వెళ్ళిపోయేదాన్ని."

"అందుకా! నేనింకా నా దగ్గర చేపల వాసనేమో అనుకున్నా." నవ్వించాలని కాదు, అలవాటుగా అనేశాడు. వెంటనే మొహం ముడుచుకున్నాడు. "పలక మీద జెండా మాట చెక్కించొద్దని డగ్లస్‌కి చెప్పు. పలక చెబితే ఎవడు వింటాడు, దాని మీద బూట్లేసుకుని నడుస్తారు. నువ్వు చెప్పాలి. గురువారం నాడు, మైకులో, ఊరందరి ముందూ. ఆ రేసు సంఘం వాళ్ళకి సంతకం పెట్టి ఉత్తరం కూడా రాయాలి."

"రెండూ చేస్తాను."

"చేస్తే వస్తాను. నీతో మాట్లాడతానని మాత్రం అనుకోకు." లేచి కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఉత్తరం ఆ రోజే రాశాను. నా జీవితంలో ఎన్ని వందల ఉత్తరాలు రాశానో, దాన్ని మాత్రం ఆరుసార్లు చింపి రాశాను. దానికి జవాబు జూన్‌లో వచ్చింది. పాత రికార్డులో 'పసుపు జెండా చూపబడినది' అని ఒక వాక్యం చేర్చారట. ఫలితం మాత్రం మార్చరట. ఎలాగూ ఇద్దరూ గెలవలేదుగా.

గురువారం పొద్దున నేను వెళ్ళేసరికి తాపీ మేస్త్రీ యుసేబియో రెండు పలకలూ దించి, చుట్టూ మొజాయిక్ నున్నగా రుద్ది, తడిగుడ్డ కప్పి ఉంచాడు. "మేడమ్, ఎవరిది ముందుండాలో ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "అందుకని గీత గీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాను. కావాలంటే టేపు పెట్టి చూసుకోమనండి." తర్వాత ఆ ఇద్దరూ నిజంగానే టేపు అడిగారు, అది వేరే సంగతి.

రెండు వందల మంది దాకా వచ్చారు. బ్యాండు వాయించారు. మేయరు మాట్లాడాడు. రాయిస్ ముందు వరుసలో కూర్చున్నాడు. నెల్లో కుర్చీ ఖాళీగా ఉంది. నా పేరు పిలిచేసరికి కూడా ఖాళీగానే ఉంది. ఆయన లేకపోయినా చెప్పాల్సిందే కదా అనుకుని మైకు దగ్గరికి నడిచాను. తలెత్తి చూస్తే జనం వెనక, ఐస్‌క్రీం బండి పక్కన, కార్మెలా చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా పేరు ఒడెట్ సిల్వేరా," అన్నాను. "నలభై మూడేళ్ళ కిందట సైప్రస్ మలుపులో జెండా పట్టుకున్నది నేను."

గూడబాతు దగ్గరికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసల్లోకి పాకింది. "నవ్వకండి," అన్నాను. నా గొంతులో అంత గట్టితనం ఉందని నాకే తెలీదు. "నెల్లో ఫెరాంటే నిజం చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను. ఆయనకు మీరంతా పసుపు రుమాళ్ళు ఇస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. మీ పిల్లలు అబద్ధానికి ఆయన పేరు పెట్టుకుంటే విని ఊరుకున్నాను. ఆ సిగ్గు ఆయనది కాదు, నాది."

ఎవరూ నవ్వలేదు. సముద్రం మీది గాలికి మైకు గుర్రుమంది. అంతలో ముందు వరుసలో రాయిస్ కర్ర ఊతగా లేచి, మైకు అక్కర్లేని గొంతుతో అరిచాడు. "జెండా ఉంది! నేనూ చూశాను! గొడుగనుకున్నాను!"

"ఏ గొడుగురా, కళ్ళు లేనోడా!" అని వెనకనుంచి నెల్లో కేక వేశాడు.

నలభై మూడేళ్ళలో వాళ్ళు ఒకరితో ఒకరు జనం ముందు మాట్లాడిన మొదటి మాట అది. క్షౌరశాల ముసలాయన లేచి, "నెల్లో, మమ్మల్ని క్షమించవయ్యా!" అన్నాడు. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. నెల్లో కార్మెలాతో కలిసి ముందుకు నడిచి వచ్చేదాకా ఆగలేదు.

ఆయన నా పక్క నుంచే మైకు దగ్గరికి వచ్చాడు, నావైపు చూడలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "నా దగ్గర నాలుగు కాగితాల ఉపన్యాసం ఉంది. చాలా ఏళ్ళ కింద రాసుకున్నది. ఇందులో మూడున్నర కాగితాలు జెండా గురించే. ఇప్పుడవి అక్కర్లేదు." మూడు కాగితాలు మడిచి మేయరు చేతికిచ్చాడు. "మిగిలిన సగం కాగితం కార్మెలా గురించి. అది చదువుతాను." చదివాడు. ఆ సగం కాగితంలో ఏముందో నేనిక్కడ రాయను. అది ఆమెది. ఆమె మాత్రం అక్కడే, అందరి ముందూ, "నమ్మనందుకు క్షమించు ముసలోడా," అంది. మైకు దగ్గరగా ఉండటంతో అది ఊరంతా వింది.

ఇద్దరూ ఎవరి పలక దగ్గర వాళ్ళు వంగారు. రాయిస్ కుంటికాలితో వంగలేక అవస్థ పడుతుంటే నెల్లో విసుక్కుంటూ చెయ్యి అందించాడు. లేచాక మొదలుపెట్టారు.

"ఆ పక్షి రాకపోతే నేనే గెలిచేవాణ్ణి," అన్నాడు నెల్లో.

"నువ్వా? తర్వాతి మలుపులో నిన్ను దాటేసేవాణ్ణి. నీ టైర్లు అప్పటికే అరిగిపోయాయి."

"నా టైర్ల గురించి నీకేం తెలుసురా?"

"ముప్పై చుట్లు వాటినే చూస్తూ వచ్చాను కదరా, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది!"

జనం పలచబడ్డారు. నేను కుర్చీలు మడవడంలో యుసేబియోకు సాయం చేస్తున్నాను. ఇంటికి వెళ్ళిపోదామని సంచి భుజానికి తగిలించుకున్నప్పుడు వెనకనుంచి నెల్లో గొంతు వినిపించింది.

"ఒడెట్. నీకు పీతలు వలవడం వచ్చా?"

"జాలరి కూతుర్ని. రాకపోవడమేంటి?"

"కార్మెలా ముప్పై పీతలు ఉడకబెట్టింది. నాకు వేళ్ళు నొప్పి. ఈ నిమ్మకాయల వాడికి చేతకాదు." నావైపు చూడకుండానే కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఊరికే నిలబడతావేం? ఎక్కు."

ఎక్కాను. ఆ మధ్యాహ్నమంతా వాళ్ళ పెరట్లో, పాత వార్తాపత్రికలు పరిచిన బల్ల దగ్గర పీతలు వలిచాను. వాళ్ళిద్దరూ టైర్ల గురించి పోట్లాడుకుంటూనే ఉన్నారు. నెల్లో నాతో ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం వలిచిన కండ గిన్నె దగ్గరికి లాక్కుని రుచి చూసి, "పెంకు ముక్కలు లేకుండా వలుస్తావు," అన్నాడు. కార్మెలా నా పళ్ళెంలో ఇంకాస్త వెన్న వేసింది.